చిన్న చీల - పెద్ద చక్రము

గుంటూరులోని బ్రాడీపేటలో ఇంటి జాడ అడిగినవారికి వీథి పేరు చెప్పుట అరుదు. లైను సంఖ్యయు, అడ్డరోడ్డు సంఖ్యయు చెప్పిన చాలును; గళ్ళ కాగితముపై బిందువును గుర్తించు విద్యార్థివలె కొత్తవాడైనను ఆ ఇంటిని చేరుకొనగలడు. ప్రొద్దెక్కునప్పటికి ఈ గళ్ళన్నియు చదువుకొను పిల్లలతోను, వైద్యమునకై వచ్చు పల్లెవారితోను, బండ్లతోను నిండిపోవును. ఆ బండ్లలో పెక్కు మీట నొక్కినంతనే నడచునవి. వాటి నడుమ అప్పుడప్పుడొక పాత స్కూటరు కనబడును. దాని యజమాని దానిని ఒక ప్రక్కకు వంచి, మఱల నిలిపి, కాలితో కిక్కు కొట్టును. రెండవ తాపునకో మూడవ తాపునకో అది మేల్కొని, నీలిపొగ నొకింత వదలి, తన దారిన తాను పోవును.

అట్టి స్కూటరు గల ఉపాధ్యాయు నొకరిని ఊహించుకొనుడు. బండి ఆయన తండ్రి కొన్నది. పేరు నమోదు చేయించుకొని స్కూటరు కొఱకు ఏండ్ల తరబడి వేచియుండిన కాలము నాటిది. ఒకనాడు ఇంజను మెల్లగా తిరుగుచుండగా లోనుండి టక్కుటక్కు మను చప్పుడు వినవచ్చెను. వేగము పెంచినంతనే ఆ చప్పుడు అణగిపోయెను గనుక ఆయన దానిని లక్ష్యపెట్టలేదు. కొన్ని దినములు గడచెను. ఒక ఉదయమున కిక్కు కొట్టగా అది కాలిని వెనుకకు తన్నెను. పొగగొట్టము ఢామ్మని ప్రేలెను. పిమ్మట బండి ఎంతకును కదలలేదు. చూచినవారిలో ఒకరు క్రాంక్‌షాఫ్టు పోయినదనిరి. మఱియొకరు ఇంజను పూర్తిగా విప్పవలెననిరి. పాత ఇనుము కొనువారికి తూకమునకు ఇచ్చివేయుట మేలని వేఱొకరు సలహా చెప్పిరి. ఇంతటి తీర్పునకు మూలము ఒక నట్టు వదులగుటయే కావచ్చునని వారిలో ఎవరికిని తోచలేదు.

పాత స్కూటర్ల విషయమున ఇట్టి పొరపాటు అరుదైనది కాదు. ఇంజను ప్రక్కను, గాలిమూత క్రింద ఒక చక్రము కలదు. దానిని ఫ్లైవీలు అందురు. శాస్త్రగ్రంథములలో గతిపాలక చక్రమని పేరు. అది వదులైనప్పుడు పుట్టు చప్పుడు బేరింగు పోయినప్పటి చప్పుడువలెనే యుండును. ఆ తేడాను కనిపెట్టగలిగినచో ఒక పూట పనితో బండి బాగుపడును. కనిపెట్టలేనిచో మంచి ఇంజను ముక్కలగును.

ఒక చక్రము - అయిదు పనులు

కుమ్మరి సారెను కఱ్ఱతో త్రిప్పి వదలిన పిమ్మట అది చాలసేపు తనంతట తాను తిరుగుచుండుట పల్లెపిల్ల లందఱును చూచినదే. బరువైన వస్తువు ఒకసారి కదలిక నందుకొన్న పిమ్మట దానిని తేలికగా విడువదు. ఇదియే జడత్వము. పత్తిమిల్లులకును, నూనెమిల్లులకును చోదకశక్తి నిచ్చిన వెనుకటి ఆయిల్ ఇంజన్లకు ప్రక్కను మనిషి యెత్తు ఇనుపచక్రము లుండుటకు కారణమిదియే. ఇంజనులో ప్రేలుడు ఒక్క క్షణము మాత్రమే త్రోపు నిచ్చును. తక్కిన కాలమంతయు ఆ త్రోపును దాచి, కొంచెము కొంచెముగా తిరిగి యిచ్చునది చక్రము.

స్కూటరులోని చక్రము రెండు మూడు కిలోల బరువు మాత్రమే గలది. కాని దాని పనులు అయిదు. మొదటిది ఇంజను నడకను సమముగా నుంచుట. రెండవది, తనలో బిగింపబడిన అయస్కాంతములను తీగచుట్టలమీదుగా త్రిప్పి, ప్లగ్గునందు నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును పుట్టించుట. మూడవది, దీపములకు వెలుగు నిచ్చుట. నాల్గవది, తన ఱెక్కలతో గాలిని విసరి సిలిండరును చల్లార్చుట. అయిదవది, పాయింట్లు అను చిన్న మీటను సరియైన క్షణమున తెఱచి, నిప్పురవ్వ ఎప్పుడు పడవలెనో నిర్ణయించుట. పాయింట్లు గల పాత స్కూటర్లలో ఈ చివరి పనికి కావలసిన ఎత్తుపల్లములు చక్రము కేంద్రభాగమునందే యుండును. కావున చక్రము తన స్థానమునుండి వెంట్రుకవాసి తొలగినను నిప్పురవ్వ వేళ తప్పును.

ఇన్ని పనులు ఒకే చక్రమున కప్పగించిన పొదుపు ఆనాటి అవసరమునుండి పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇటలీలో ప్రజలకు చౌకయైన వాహనము కావలసివచ్చెను. విమానములు నిర్మించిన పియాజియో సంస్థ 1946లో వెస్పాను విడుదల చేసెను. దానిని రూపొందించిన కొర్రాదినో దాస్కానియో హెలికాప్టర్ల నిర్మాణములో కృషిచేసిన ఇంజనీరు. మరుసటి యేడు, 1947లో, మిలానునందలి ఇన్నొచెంతీ సంస్థ లాంబ్రెట్టాను తెచ్చెను. 1950 దశకములో బొంబాయిలో లాంబ్రెట్టాల కూర్పు మొదలయ్యెను. బజాజ్ సంస్థ 1960లో పియాజియోతో ఒప్పందము చేసికొని వెస్పాను దేశములో తయారుచేసెను. 1972లో చేతక్‌ను వెలువరించెను. హైదరాబాదులోని ఆల్విన్ సంస్థయు కొంతకాలము పుష్పక్ అను పేర స్కూటర్లను తయారుచేసెను. నేడు గుంటూరు వీథులలో కానవచ్చు పాత స్కూటర్లలో పెక్కింటికి ఈ వంశములలో ఏదో యొకదానితో చుట్టరికము కలదు.

పట్టు ఎక్కడ నున్నది?

క్రాంక్‌షాఫ్టు కొన గుండ్రని కడ్డీవలె సమానముగా నుండక, చివరకు పోనుపోను సన్నగిల్లును. శంకువు ఆకారమున నుండు ఆ భాగమును పనివారు కోను లేక టేపరు అందురు. చక్రము మధ్యనున్న రంధ్రమును అదే వాలుతో తీర్చబడియుండును. ఆ రెంటి నడుమ గాడిలో అర్ధచంద్రాకారముగల చిన్న ఉక్కుచీల యొకటి అమరియుండును. చక్రము పైనుండి ఒక వాషరు, ఒక నట్టు దానిని లోనికి ఒత్తి బిగించును.

ఎద్దుబండిలో కడచీల ఊడినచో చక్రము ఇరుసునుండి జాఱిపోవును. ఈ అనుభవమును బట్టి స్కూటరులోకూడ చక్రమును పట్టి త్రిప్పునది ఆ చిన్న చీలయే యని పలువురు తలంతురు. అది సరికాదు. చీల చేయు పని చక్రమును ఏ స్థానమున కూర్చుండబెట్టవలెనో చూపుట మాత్రమే. చక్రమును పట్టియుంచునది కోనుమీది ఘర్షణ.

దీనికి వంటయింటిలోనే నిదర్శనము కలదు. అడుగు సన్నగిల్లిన స్టీలు గ్లాసులను ఒకదానిలో నొకటి దూర్చి కొంచెము గట్టిగా నొక్కినచో, అవి చేతికి ఊడిరాకుండ పట్టుకొనును. వాటి నడుమ చీల లేదు, జిగురు లేదు. వాలుగా నున్న రెండు తలములు ఒకదానినొకటి గట్టిగా ఒత్తుకొనుటచేత పుట్టిన ఘర్షణయే ఆ పట్టు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో గాజుబిరడా సీసామూతిని పట్టుకొని ఎంతకును రాకుండుటకును మూల మిదియే. అదే గ్లాసుల నడుమ నూనెచుక్క చేరినచో సులభముగా జాఱివచ్చును. ఈ రెండు సంగతులును గుర్తుంచుకొన్నచో ఫ్లైవీలు శాస్త్రములో సగము తెలిసినట్లే. కోను శుభ్రముగా, పొడిగా నుండవలెను. నట్టు దానిని తగినంత బలముతో లోనికి ఒత్తవలెను.

ఈ రెంటిలో ఏది లోపించినను ఏమగునో చూడవలెను. రెండు తాపుల ఇంజనులో ప్రతి చుట్టునకు ఒక ప్రేలుడు కలదు. ప్రేలినప్పుడు షాఫ్టు ముందునకు ఉఱుకును. బరువైన చక్రము వెనుకబడ జూచును. గాలి నొక్కబడునప్పుడు షాఫ్టు మందగించును. చక్రము ముందునకు పోజూచును. నిమిషమునకు 5,000 చుట్లు తిరుగునప్పుడు ఈ లాగులాట సెకనునకు 83 మారులు జరుగును. కోను పట్టు తప్పినచో ఆ దెబ్బలన్నియు చిన్న చీలమీద పడును. అది అందుకొఱకు చేయబడినది కాదు. మొదట దాని అంచులు నలుగును. పిమ్మట గాడి వెడల్పగును. చివరకు చీల తెగిపోవును. ఉక్కుతో ఉక్కు రాచుకొనిన చోట కావిరంగు పొడి పుట్టును.

చక్రము ఎంత జాఱిన ఎంత నష్టమో విద్యార్థులు లెక్కకట్టవచ్చును. కోను సగటు వ్యాసము 20 మిల్లీమీటర్లని యనుకొన్నచో దాని చుట్టుకొలత సుమారు 63 మిల్లీమీటర్లు. ఆ చుట్టుకొలత 360 డిగ్రీలకు సమానము. కావున ఒక్క మిల్లీమీటరు జాఱినను సుమారు 6 డిగ్రీల తేడా వచ్చును. నిప్పురవ్వ ఆలస్యముగా పడినచో బలము తగ్గి, ఇంజను కాగి, పొగగొట్టములో ప్రేలుడు వినవచ్చును. మఱీ ముందుగా పడినచో పిస్టను పైకి చేరకమున్నే క్రిందికి త్రోయబడి, కిక్కు కాలిని వెనుకకు తన్నును. ఉపాధ్యాయుని బండి చేసిన అల్లరికి అర్థ మిదియే.

ఇందు ప్రాణభయమును లేకపోలేదు. 20 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రము 5,000 చుట్ల వడితో తిరుగునప్పుడు దాని అంచు సెకనునకు సుమారు 52 మీటర్ల వేగముతో, అనగా గంటకు 188 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. అట్టి చక్రమును వదులుగా నుంచి బండి నడపుట అవివేకము. గాలిమూత తీసి ఇంజను నడపి, వ్రేళ్ళు దగ్గఱకు చేర్చి చూచుట అంతకంటెను అవివేకము.

సుద్దముక్కతో పరీక్ష

ముందుగా ఇంజను ఆపి చల్లారనీయవలెను. పెట్రోలు కొళాయి కట్టి, ప్లగ్గు తీగను ఊడదీసి, గాలిమూతను విప్పవలెను. తరువాత కావలసినది బడిలో దొరకు సుద్దముక్క. నట్టు మీదినుండి చక్రము మధ్యభాగము వరకు ఒక తిన్నని గీత గీయవలెను. బండిని గేరులో నుంచి, ఒకరు వెనుక బ్రేకు త్రొక్కి పట్టుకొన్నచో షాఫ్టు తేలికగా తిరుగదు. అప్పుడు రెండు చేతులతో చక్రమును పట్టి ఇటునటు మెల్లగా ఊపవలెను. నట్టు కదలక చక్రము మాత్రమే కదలినను, సుద్దగీత రెండుగా చీలినను, మధ్యనుండి టక్కు మని వినబడినను వదులైనది చక్రమే. అట్లుగాక చక్రముతోపాటు షాఫ్టు కొనయు పైకి క్రిందికి ఆడుచున్నచో తప్పు బేరింగునందున్నది. అప్పుడు ఇంజను విప్పక తప్పదు. ఈ చిన్న పరీక్ష చేయకయే పెద్ద తీర్పు చెప్పరాదు.

చక్రము వదులని తేలినచో దానిని ఊడదీయవలెను. నట్టు విప్పునప్పుడు చక్రము తిరుగకుండుటకై ఱెక్కల నడుమ స్క్రూడ్రైవరు దూర్చువారు కలరు. ఱెక్కలు పోతలోహముతో చేసినవి, పుటుక్కున విఱుగును. ఒక ఱెక్క విఱిగినను చక్రము తూకము తప్పి ఇంజను అదరును. అందులకు తగిన పట్టీనో, పట్టుకఱ్ఱనో వాడవలెను. వెస్పా వంశపు పెక్కు బండ్లలో నట్టును విప్పుచుండగా మొదట వదులై, కొంత తిరిగిన పిమ్మట మఱల బిగువగును. మర చెడినదని తలచి కొందఱు అచ్చట ఆగిపోదురు. నిజమున కది చక్రమును బయటికి లాగు ఏర్పాటు. నట్టు లోపలి రింగునకు తగిలి చక్రమును కోనునుండి లాగుచున్నది. ఇంకను త్రిప్పినచో చక్రము ఊడివచ్చును. ఈ ఏర్పాటు లేని బండ్లకు లాగుడుపరికరము వేఱుగా కావలెను. సుత్తితో కొట్టుట మాత్రము ఎన్నటికిని తగదు. దెబ్బకు షాఫ్టు వంగవచ్చును, మర చెడవచ్చును, అయస్కాంతములును చెదరవచ్చును.

ఊడదీసిన చక్రమును నేలపై పెట్టరాదు. అయస్కాంతములు వీథిలోని ఇనుపరజమునంతను ఆకర్షించుకొనును. శుభ్రమైన గుడ్డపై వెల్లకిల నుంచి, లోపల అంటుకొనిన ముక్కలను తుడిచివేయవలెను.

బాగుచేయుట - కప్పిపుచ్చుట

ఇక కోనును, చక్రము రంధ్రమును పెట్రోలుతో తుడిచి, పగటివెలుగులో పరీక్షింపవలెను. నిప్పును, బీడీని దూరముగా నుంచవలెనని చెప్పనక్కఱలేదు. కోను చుట్టును నూనె కనబడినచో లోపలి ఆయిల్ సీలు కాఱుచున్నదేమో చూడవలెను. దానిని మార్చక చక్రమును బిగించిన వ్యాధి మఱల వచ్చును. పాత చీలను మఱల వాడరాదు. గాడి అంచులు చెడక, కోనుమీద స్వల్పమైన గీతలు మాత్రమే యున్నచో, వాల్వులు నూఱుటకు వాడు మెత్తని పేస్టును పలుచగా పూసి, చీల లేకుండ చక్రమును కోనుపై నుంచి, చేతితో ఇటునటు కొంచెము కొంచెముగా త్రిప్పుచు నూఱవచ్చును. రెండు తలములు నలువైపుల సమానముగా బూడిదరంగు తేలినప్పుడు పని ముగిసినట్లు. అంతకుమించి నూఱినచో చక్రము మఱీ లోనికి పోయి తీగచుట్టల పలకను రాయు ప్రమాదము కలదు. నూఱిన పేస్టు ఒక్క రేణువైనను మిగులకుండ కడుగుట ముఖ్యము. అది బేరింగులోనికి పోయినచో బేరింగును తినివేయును.

కోను లోతుగా చెక్కుకొనిపోయినప్పుడు, గాడి బాగుగా వెడల్పైనప్పుడు, నూఱుటవలన ప్రయోజనము లేదు. అప్పుడు షాఫ్టు మార్చుటయే న్యాయమైన మార్గము. కాని మార్గమధ్యమున దొరకు ఉపాయములు మఱికొన్ని కలవు. పలుచని రేకుముక్కను కోనుచుట్టును చుట్టి చక్రమును దిగగొట్టుదురు. ఉలితో కోనుమీద గుంటలు పొడిచి గరుకు కల్పింతురు. నట్టును షాఫ్టునకు వెల్డింగు చేయుదురు. ఈ మూడింటివలనను ఆ సాయంకాలమునకు బండి నడచును. అందువలననే వానికి గిరాకి. కాని రేకు చుట్టినచోట చక్రము నడుమ తప్పి తిరుగును. గుంటల అంచులమీద నిలిచిన పట్టు కొన్నాళ్ళలో అఱిగిపోవును. వెల్డింగు చేసినది రేపు విప్పవలసివచ్చినచో షాఫ్టును కోయవలసివచ్చును. తప్పు తీరలేదు, దాగినది.

తిరిగి బిగించునప్పుడు కొత్త చీలను గాడిలో అడుగంట కూర్చవలెను. అది పైకి లేచియున్నచో చక్రము చీలమీద కూర్చుండును గాని కోనుమీద కూర్చుండదు. నట్టు ఎంత బిగించినను పట్టు రాదు. ఎంతో జాగ్రత్తపరులు సైతము పొరపడుచోటు ఇది. కోనుకు గ్రీజుగాని, నూనెగాని పూయరాదు. చక్రమును చేతితో నొక్కి, స్ప్రింగు వాషరు వేసి, నట్టును బండి పుస్తకములో చెప్పిన బలముతో బిగింపవలెను. వెస్పా వంశపు పెక్కు బండ్లకు ఆ బలము సుమారు 6 కిలోగ్రాము-మీటర్లు. 30 సెంటీమీటర్ల పానాచివర 20 కిలోల బలముతో లాగినచో అంత బిగువు కలుగునని విద్యార్థులు గుణించి తెలిసికొనవచ్చును. కొలుచు పానా యున్నచో అంచనాతో పనిలేదు. తరువాత చక్రములోని కిటికీగుండ పాయింట్ల ఎడమును చూడవలెను. వెస్పా బండ్లలో అది సామాన్యముగా 0.3 నుండి 0.5 మిల్లీమీటర్ల వఱకు ఉండవలెను. ఆ పిమ్మట నిప్పురవ్వ వేళను పరీక్షించి, గాలిమూత బిగించి, అప్పుడే కిక్కు కొట్టవలెను.

కాలము మాఱినది. బజాజ్ సంస్థ స్కూటర్ల తయారీని విరమింతునని 2009లో ప్రకటించెను. తిరిగి 2020లో అదే చేతక్ పేరుతో విద్యుత్తు స్కూటరును విపణికి తెచ్చెను. దానిలో పాయింట్లు లేవు, కిక్కు లేదు, నీలిపొగ లేదు. ఇట్టి కాలమున పాత ఫ్లైవీలు బిగించు విద్య యెవరికని ప్రశ్నింపవచ్చును. కాని కోనుపట్టు స్కూటరుతో పుట్టినది కాదు, స్కూటరుతో పోవునది కాదు. లేతుయంత్రములోని తమరుపట్టు మొదలు ప్రయోగశాల బిరడా వఱకు అదే సూత్రము పనిచేయుచున్నది. ఘర్షణ యన్నంతనే అఱుగుదలను, నష్టమును చెప్పు పాఠ్యపుస్తకమునకు ప్రక్కన, ఘర్షణయే ఆధారమైన ఇట్టి చక్రము నొకదానిని బల్లమీద నుంచి చూపిన పిల్లలు ఆ పాఠమును మఱవరు.

ఉపాధ్యాయుని బండి సంగతి యేమైనది? గీసిన సుద్దగీత చక్రము నూపగానే రెండుగా చీలెను. చీల తెగియుండెను, కోను మాత్రము దక్కియుండెను. కొత్త చీల, కొత్త వాషరు, కొంత ఓర్పు - ఇంతే ఆయనకు ఖర్చైనది. ఆ చప్పుడు మీదనే మఱికొన్ని వారములు నడపియున్నచో షాఫ్టు పోయెడిది. తూకమునకు అమ్ముమన్నవారి మాటయే నెగ్గెడిది. బిగించిన పిమ్మట ఆయన నట్టునుండి చక్రము మీదికి మఱల ఒక సుద్దగీత గీసెను. వారము దినములు బండి నడపి, గాలిమూత తీసి చూచెను. గీత చెదరలేదు.